సమాధుల తోటలో మనవాళ్లను వెతుక్కోవడం: పర్లాకిమిడి, బరంపురం, సిరొంచ వైపు వాళ్లు రాయండి

వంశధార (గుణుపురం, ప్రస్తుతం పుణె)

అందరికీ నమస్కారం. మా నాయనమ్మ సమాధి ఒడిశాలోని పర్లాకిమిడిలో, మిషను సమాధుల తోటలో ఉంది. అది ఎక్కడుందో కచ్చితంగా తెలిసిన మనిషి మా నాన్నగారు ఒక్కరే. ఆయన కిందటి సంవత్సరం కాలం చేశారు. ఉన్నన్నాళ్లూ ఈస్టరు ముందు గుణుపురం ప్యాసింజరు పట్టుకుని పర్లాకిమిడి వెళ్లి, సమాధికి వెల్ల వేయించి, పూలు పెట్టించి వచ్చేవారు. చిన్నప్పుడు నేనూ వెంట వెళ్లేవాణ్ని. నాకు గుర్తున్నది పెద్ద వేపచెట్టు, పక్కనే ప్రహరీ గోడ, తెలుగులో చెక్కిన నల్లరాతి పలక. అంతకు మించి ఏమీ గుర్తు లేదు.

నవంబరు మొదటి వారంలో సెలవు దొరికింది. అన్నయ్య పిల్లలను కూడా తీసుకువెళ్దామని ఉంది. వాళ్లు భువనేశ్వర్‌లో పెరిగారు, ఒడియా, ఇంగ్లీషు చదవగలరు. తెలుగు మాట్లాడతారు కాని అక్షరాలు రావు. నాన్నగారి తరువాత నేను, నా తరువాత ఎవరు అన్న ప్రశ్న అక్కడే వస్తోంది.

పలక చెరిగిపోయి ఉంటే ఎలా గుర్తు పట్టాలి? రిజిస్టరు లాంటిది ఉంటుందా? నవంబరు 2న వెళ్తే జనం ఉంటారా?

కిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

బాబూ, ముందు ఆ వేపచెట్టును నమ్ముకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలో నిలిచిన చెట్ల కన్నా కూలినవే ఎక్కువని మా ఇళ్లలో చెప్పుకుంటాం. చెట్టు గుర్తుగా పెట్టుకున్న వాళ్లందరికీ అప్పటినుంచి ఇదే ఇబ్బంది. గోడ కూడా కొంత మేర కొత్తగా కట్టినదే అయి ఉంటుంది.

నవంబరు 2 కతోలికుల పండుగ. సకల మృతులను స్మరించుకునే రోజు అది. ఆ సాయంత్రం వాళ్ల తోటల్లో ఫాదరుగారు వచ్చి సమాధులను ఆశీర్వదిస్తారు, కొవ్వొత్తులు వెలుగుతాయి. మీ నాయనమ్మగారిది కెనడా బాప్టిస్టు మిషను అనుకుంటాను. బాప్టిస్టులకు ఆ తేదీకి ప్రత్యేకత లేదు. మనవాళ్ల సందడంతా ఈస్టరుదే. శనివారం గడ్డి పీకి వెల్ల వేస్తారు, ఆదివారం తెల్లవారక ముందే కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ తోటకు వస్తారు. సమాధుల పండుగ అని కొందరు దీన్నీ అంటారు, కొందరు నవంబరుదాన్నీ అంటారు. అందుకే పట్నం నుంచి వచ్చేవాళ్లు తేదీ తప్పుతుంటారు.

నవంబరులోనే రావాలనుకుంటే రండి, తప్పేమీ లేదు, కాని అడిగేందుకు మనుషులు దొరకరు. వానల తరువాత కలుపు మోకాలెత్తు ఉంటుంది. బూట్లు వేసుకోండి, చేతికర్ర ఉంచుకోండి, పాములుంటాయి.

రిజిస్టరు సంగతి. పాత సంఘాల్లో బాప్తిస్మాలకు, పెళ్లిళ్లకు, ఖననాలకు వేరువేరు పుస్తకాలు రాసేవారు. అన్నీ మిగిలి ఉంటాయని కాదు. చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. అందులో మీ నాయనమ్మగారి బాప్తిస్మపు పేరు ఉంటుంది, ఇంట్లో పిలిచిన పేరు ఉండదు. ఇంటిపేరు చాలాసార్లు అసలే ఉండదు, "ఫలానా వారి భార్య" అని ఉంటుంది. కాబట్టి తాతగారి పేరుతో వెతకండి. పోయిన సంవత్సరం తెలిస్తే పని సగం అయినట్టే.

ఇక నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట: సమాధిని వెతక్కండి, పక్క సమాధి వాళ్లను వెతకండి. తోటలో వరసగా పూడుస్తారు. అదే నెలలో, అదే ఏడాదిలో పోయినవారు పక్కపక్కన ఉంటారు. మీ వాళ్లు వెళ్లిపోయినా, పక్క వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి ఉండవచ్చు. ఏటా వెల్ల వేసేటప్పుడు వాళ్లు మీ నాన్నగారిని చూసే ఉంటారు.

రైలుబాబు (రాయగడ)

ఎవరినీ నొప్పించాలని కాదు గాని, ఇంత వెతుకులాట ఎందుకో నాకు అర్థం కాదు. మా నాన్నను నాగావళి ఒడ్డున దహనం చేశాం, అస్థికలు శ్రీకూర్మంలో కలిపాం, అయిపోయింది. వెతకడానికి ఏమీ మిగల్లేదు, పోగొట్టుకోవడానికీ ఏమీ లేదు. తద్దినం నాడు పేరు చెప్పి నీళ్లు వదులుతాను. నేనెక్కడుంటే అక్కడే ఆయన. రాయి కోసం పుణె నుంచి పర్లాకిమిడి రావడం ఏమిటి?

పట్టుమగ్గం (బరంపురం)

రైలుబాబు గారూ, "పోగొట్టుకోవడానికి ఏమీ లేదు" అన్నారు. మీ నాన్నగారి నాన్నగారి పేరు చెప్పగలరు, తర్పణంలో మూడు తరాలు వస్తాయి కాబట్టి. మరి నాయనమ్మగారి అమ్మ పేరు? నేను చెప్పలేను. రాయి ఉంటే కనీసం చదివేవాణ్ని.

మేము దేవాంగులం. మా బంధువుల్లో దహనం చేసేవారూ ఉన్నారు, లింగధారులై పూడ్చేవారూ ఉన్నారు. ఒకే పెళ్లిలో వియ్యంకులుగా కూర్చునే రెండు ఇళ్లలో ఒకరికి సమాధి ఉంటుంది, మరొకరికి ఉండదు. పూడ్చేవాళ్లు పద్మాసనంలో కూర్చోబెట్టి పూడుస్తారు, పైన చిన్న అరుగు కట్టి లింగం పెడతారు. ఏడాది పొడవునా అక్కడికి ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లు తిరిగి వచ్చి తలస్నానం చేస్తారు. కాబట్టి హిందువులందరూ కాల్చి మరిచిపోతారని, క్రైస్తవులే రాళ్లు పెట్టుకుంటారని అనుకోనక్కర్లేదు.

బరంపురంలో దీపావళి నాటి ముచ్చట చెబుతాను. మా వీధిలో ఒక వైపు మనవాళ్లు, ఒక వైపు ఒడియావాళ్లు. చీకటి పడగానే ఒడియా ఇళ్ల ముందు జనపకట్టెలు వెలిగించి ఆకాశం వైపు ఎత్తి "బొడొబొడువా హో, అంధారొరే ఆసొ, ఆలుఓరే జాఓ" అంటారు. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని. అదే సమయంలో మా పిల్లలు గోగుకాడలకు గుడ్డపీలికలు చుట్టి, నూనెలో తడిపి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని నేలకు కొడుతుంటారు. శ్రీకాకుళం నుంచి ఇక్కడిదాకా ఇదే పాట. మాకు అది పిల్లల ఆట, అంతవరకే. నిప్పు ఎవరి కోసమో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పురోహితులను అడిగితే ఉల్కాదానమని, మహాలయ పక్షాల్లో వచ్చిన పితృదేవతలకు తిరుగుదారి చూపించే వెలుగని చెప్పారు. పక్కింటివాళ్లు నోరు విప్పి పిలుస్తున్నదీ, మా పిల్లలు తెలియక వెలిగిస్తున్నదీ ఒకరి కోసమే. అప్పటినుంచి మా పిల్లలకు కాడ చేతికిచ్చేటప్పుడు తాత పేరు చెప్పి ఇస్తున్నాను. కాళ్లు కాల్చుకోవద్దని కూడా చెబుతాననుకోండి.

గోపాలపురం గాలి (గోపాలపురం)

వంశధార గారూ, పలక చెరిగిపోతే ఎలా చదవాలని అడిగారు. అది నాకు కొంచెం తెలిసిన పని. పాత సమాధుల ఫోటోలు తీయడం నా వ్యసనం.

మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. ఎండ నెత్తిమీద ఉంటే అక్షరాల్లో నీడ పడదు, రాయి బోసిగా కనిపిస్తుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం, వెలుతురు పక్కనుంచి పడే వేళ చూడండి. తూర్పు పడమరలకు తిరగని పలక అయితే ఒక అద్దం తీసుకువెళ్లి, ఎండను దాని మీదకు ఏటవాలుగా కొట్టించండి. చీకటి పడ్డాక టార్చిలైటు పక్కనుంచి వేసినా అంతే. చూపుకు అందని అక్షరం కూడా పైకి లేస్తుంది. ఫోటో నాలుగు వైపుల నుంచి వెలుతురు మార్చి తీయండి.

దయచేసి యాసిడ్ పోయకండి. మరుగుదొడ్లు కడిగే ద్రావకంతో సమాధులు తోమేవాళ్లను చూశాను. సున్నపురాయి, పాలరాయి యాసిడ్ తగిలితే కరుగుతాయి. ఆ రోజుకు తెల్లగా మెరుస్తుంది, నాలుగేళ్లకు అక్షరమే ఉండదు. ఇనుప బ్రష్షు కూడా వద్దు. నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక చాలు. నాచు ఉంటే తడిపి, నాననిచ్చి, వెదురుపుల్లతో తీయండి. బీటలకు సిమెంటు పెడతామంటారు మేస్త్రీలు. పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటకు రాక చుట్టూ ఉన్న రాయి పెళుసుబారుతుంది. సున్నమే పెట్టించండి. ఇక ఏటా వేసే వెల్ల, అది భక్తితో వేసేదే, కాదనను. కాని పలక మీద వేయకండి. మీ నాన్నగారి తరం వేసిన పొరలే అక్షరాలను పూడ్చేసి ఉండవచ్చు. అలా అయితే అదృష్టమే, పొర కింద చెక్కుడు భద్రంగా ఉంటుంది.

ఇంతకీ మా గంజాం తీరానికి ఇది కొత్త బాధ కాదు. ఋషికుల్య కలిసే చోట ఉన్న గంజాం పట్టణం ఒకప్పుడు జిల్లాకే ముఖ్య పట్టణం. 1815లో విషజ్వరం పుట్టి దొరలూ నౌకర్లూ కుప్పలుగా పోయారు. ఊరు వదిలిపెట్టి కచేరీలను వేరేచోటుకు మార్చారు. దొరల సమాధులకు రాతలు ఉన్నాయి, 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి వాళ్ల ఖననాల నకళ్లు మద్రాసు నుంచి లండన్‌దాకా వెళ్లి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అదే జ్వరంతో పోయిన పల్లకీ బోయీలకు, వంటవాళ్లకు రాయీ లేదు, రాతా లేదు. గోపాలపురంలో పాత సమాధుల మధ్య నడిచేటప్పుడు నాకు తట్టేది ఇదే. రాయి అన్నది ప్రేమకు కొలత కాదు, స్తోమతుకు కొలత.

సెరంగో నర్సమ్మ (గజపతి జిల్లా)

గోపాలపురం గాలి గారు చివర చెప్పింది బాగుంది కాని, కొండమీదికి వస్తే ఆ మాట చెల్లదు. నేను సెరంగో మిషను ఆసుపత్రి వైపు చాలాకాలం పనిచేశాను. సవర ఊళ్లలో ప్రతి మనిషికీ రాయి ఉంటుంది, బీదా బిక్కీ తేడా లేదు. పూడ్చిన చోట నిలబెడతారు. ఒక్కో వంశానికి ఒక్కో రాళ్ల గుంపు. రాత మాత్రం ఉండదు.

పుట్టాసింగి (రాయగడ జిల్లా)

నర్సమ్మగారికి దండాలు. నేను సవరను, గుణుపురంలో తెలుగు బడిలో చదువుకున్నాను. ఒక చిన్న సవరణ. మేము పూడ్చం, దహనం చేస్తాం. రాయి నిలబెట్టేది ఆ తరువాత, వేరే రోజు, గ్వార్ అనే కర్మ చేసినప్పుడు. దున్నను కోస్తారు, బంధువులందరూ తలా ఇంత బియ్యమో, గొడ్డో తెస్తారు. మీరన్న స్తోమతు అక్కడ వస్తుంది. డబ్బు లేనివాళ్లు గ్వార్ వాయిదా వేసి, ఇద్దరు ముగ్గురికి కలిపి చేస్తారు. కాని రాయి మానరు. రాయి పాతే చోటూ దహనం చేసే చోటూ ఒకటి కాదు.

రాత ఉండదన్నది నిజమే. రాళ్ల గుంపు ఏ వంశానిదో ఊరందరికీ తెలుసు, కాబట్టి చదవవలసిన పని లేదు. మరణించినవాళ్లు సోనుంలై, అంటే ఆత్మలై, పూజారిణి నోట మాట్లాడేవారు, తిట్టేవారు, ఏడ్చేవారు, ఫలానా అప్పు తీర్చలేదని గుర్తు చేసేవారు. కొంతకాలానికి శాంతించాక వాళ్ల పేరు పుట్టిన బిడ్డకు పెట్టేవారు. నా పేరు అలా వచ్చినదే. మా తాత ఎక్కడున్నాడని అడిగితే అమ్మ నన్ను చూపించేది.

మా ఊళ్లో ఇప్పుడు చాలామంది బాప్టిస్టులు. మా నాన్నా అంతే. గ్వార్ లేదు, సిలువ వేసిన సిమెంటు సమాధులు వచ్చాయి, పేర్లు ఒడియాలో ఉంటాయి, కొన్ని ఇంగ్లీషులో. మా నాన్న ఈస్టరుకు సమాధి దగ్గర పాట పాడతాడు. ఇంటికి వచ్చేదారిలో పాత రాళ్ల గుంపు దగ్గర కాసేపు ఆగుతాడు, ఏమీ మాట్లాడడు. ఎందుకు ఆగావని నేను అడగలేదు.

పర్లాకిమిడి వాళ్లకు మాత్రం ఒక మాట గుర్తు చేయాలి. మా భాషను శ్రద్ధగా నేర్చుకుని నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే పంతులుగా ఉండేవారు. మా పెద్దల మాటలు కాగితం మీద మిగిలాయంటే ఆయన చలవ కొంత ఉంది.

సెరంగో నర్సమ్మ (గజపతి జిల్లా)

మీరు చెప్పిందే సరి నాయనా. నేను చూసినవి క్రైస్తవులైన తరువాతి ఊళ్లు.

సిరొంచ కోడలు (గడ్చిరోలి జిల్లా)

ఒడిశా వైపు వాళ్లే మాట్లాడుతున్నారు, మహారాష్ట్ర సరిహద్దు నుంచి కూడా ఒకరం ఉందాం.

మాకు పెద్దల రోజంటే పెత్తర అమావాస్య. పొద్దున పెద్దల పేరు చెప్పి అయ్యవారికి బియ్యం, పప్పు, కూరగాయలు, తమలపాకులు ఇస్తాం. వీలున్నవాళ్లు గోదావరి దాటి కాళేశ్వరం వెళ్తారు. మా అత్తగారి కాలంలో పడవ మీద, ఇప్పుడు వంతెన మీద. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున ఏడ్చిన కళ్లతోనే సాయంత్రం తంగేడు పూలు పేరుస్తాం, ఎవరికీ వింతగా ఉండదు. మా మరాఠీ పొరుగువాళ్లకు మాత్రం వింతే. పితృపక్షంలో వాళ్లు శుభకార్యమేదీ తలపెట్టరు, మీరేమిటి ఆరోజే ఆడతారు అంటారు.

నా ప్రశ్న వేరు. నా స్నేహితురాలు ఒకామె బల్లార్‌పూర్‌లో ఉండేది. వాళ్ల నాన్న బొగ్గుగనిలో పనికి కరీంనగర్ నుంచి వచ్చినవాడు. మేమిద్దరం చంద్రపూర్‌లో హాస్టల్‌లో ఒకే గదిలో ఉన్నాం. కరోనా రెండో దశలో, 2021లో ఆమె పోయింది. వాళ్లు క్రైస్తవులు. అప్పుడు ఎవరినీ రానివ్వలేదు, పూడ్చేటప్పుడు ఆమె అన్న ఒక్కడే ఉన్నాడట, అతనూ దూరంగా. ఇప్పటికీ నేను వెళ్లలేదు. మా ఇంట్లో ఆడవాళ్లు కాటికి వెళ్లకూడదంటారు. ఆమె నాకు చుట్టం కాదు, కాబట్టి తద్దినంలో నా వంతు ఏమీ లేదు. మైల లేదు, పదోరోజు లేదు, పన్నెండో రోజు లేదు. చుట్టాలకు ఏడవడానికి రోజులు లెక్కపెట్టి ఇచ్చారు, స్నేహితులకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

నేను వెళ్లవచ్చా? వెళ్తే ఏం తీసుకువెళ్లాలి? పసుపు కుంకుమలు పెడితే వాళ్లు ఏమన్నా అనుకుంటారా?

కిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

తల్లీ, వెళ్లండి. క్రైస్తవుల తోటలో ఆడవాళ్లు రాకూడదన్న నియమమే లేదు. ఈస్టరు నాడు ముందు నడిచేది వాళ్లే. సువార్తలో కూడా తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లింది స్త్రీలే కదా. పూలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె తీసుకువెళ్లండి. గాలికి ఆరిపోతుంది కాబట్టి గాజు గ్లాసు ఒకటి. పసుపు కుంకుమ, కొబ్బరికాయ వద్దు. కోపం వస్తుందని కాదు, ఆమె అమ్మానాన్నలు చూస్తే ఇబ్బంది పడతారు. ముందు ఆమె అన్నకు ఫోను చేయండి. అతనికి మీరు చేసే మేలు అదే. ఇన్నేళ్ల తరువాత చెల్లెలి పేరు ఎవరైనా పలికితే వినాలని అతనికీ ఉంటుంది.

హిల్‌పట్నా భాయి (బరంపురం)

అక్కా, మాలో షబే బరాత్ రాత్రి, అంటే షాబాన్ నెల పద్నాలుగు దాటిన రాత్రి, మగవాళ్లు ఖబ్రస్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదువుతారు. మా వీధి నుంచి తెలుగు మాట్లాడే ముస్లిములం, ఒడియా ముస్లిములం, ఉర్దూవాళ్లం కలిసే వెళ్తాం. ఆడవాళ్లు వెళ్లవచ్చా అన్న విషయంలో మా పెద్దల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా అమ్మ మాత్రం గేటు బయట ఆటోలో కూర్చుని దువా చేసేది. నాన్న సమాధి అక్కడినుంచి కనిపించదు. అయినా ఆటోను సరిగ్గా ఒకే చోట ఆపించేది, రెండడుగులు అటు ఇటు అయితే ఒప్పుకునేది కాదు.

మా సమాధులు చాలావరకు మట్టివే. పక్కా కట్టడం మంచిది కాదంటారు. రెండు వానాకాలాలకు మట్టి సర్దుకుపోతుంది. కాబట్టి ఎవరిది ఎక్కడ అన్నది కాపరి ముసలాయనకే తెలుసు. ఆయన మనవడు సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్నాడు, గంజాం కుర్రాళ్లు చాలామంది అక్కడే కదా. ఆయన తరువాత ఎవరు చెబుతారో. కిందటి షబే బరాత్‌కు నేను ఆయనను వెంటబెట్టుకుని, మా మొహల్లా వాళ్లందరి సమాధులకు ఫోను మ్యాపులో గుర్తులు పెట్టాను. మ్యాపు గుర్తు కొన్ని అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది, ఇరుకు చోట అది చాలదు. అందుకే గేటు నుంచి ఎన్ని అడుగులు, ఎడమా కుడీ, ఏ గోడ వైపు అని నోటుపుస్తకంలో కూడా రాశాను.

శ్రీకూర్మం దారి (టెక్కలి)

సిరొంచ కోడలు గారు స్నేహితులకు ఏమీ ఇవ్వలేదన్నారు. పౌరోహిత్యం చేసేవాణ్ని కాబట్టి ఇది చెప్పాలి. మహాలయ పక్షంలో సర్వపితృ తర్పణం చేసేటప్పుడు తండ్రి వైపు, తల్లి వైపు వాళ్లు అయ్యాక కారుణ్య పితృదేవతలని ఒక వరస ఉంది. అందులో గురువు, శిష్యుడు, సఖుడు వస్తారు. అక్కడ స్నేహితుడి పేరు చెప్పి నీళ్లు వదలవచ్చు. చాలామంది యజమానులు ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఆ వరస వచ్చేసరికి గడియారం చూస్తుంటారు, మేమూ గబగబా దాటించేస్తాం. చివర ఇంకొకటి ఉంది. తల్లీ తండ్రీ మిత్రులూ జ్ఞాతులూ ఎవరూ లేనివాళ్లు అందరూ ఈ నీటితో తృప్తి పొందాలని. గంజాం జ్వరంలో పోయిన పల్లకీ బోయీల గురించి గోపాలపురం గాలి గారు రాశారే, వాళ్లకూ అందులో చోటుంది.

ఆడవాళ్లు తర్పణం చేయవచ్చా అని తరువాత అడుగుతారు. మా పెద్దలు వద్దన్నారు, ఈ కాలంలో చేయించేవాళ్లున్నారు. ఆ వాదం ఇక్కడ పెట్టను. మీ ఆయన చేసేటప్పుడు ఆ పేరు చెప్పమనండి, అడ్డేమీ లేదు.

సిరొంచ కోడలు (గడ్చిరోలి జిల్లా)

మా ఆయనను అడిగాను. "ఆమె గోత్రం ఏమిటి" అన్నారు. క్రైస్తవురాలికి గోత్రం ఎక్కడినుంచి వస్తుంది?

శ్రీకూర్మం దారి (టెక్కలి)

తెలియని చోట కాశ్యప గోత్రం చెప్పడం ఆచారమే. కానివ్వమనండి.

రైలుబాబు (రాయగడ)

నా మాటకు ఇంతమంది జవాబిచ్చారు, సంతోషం. నా మాట మార్చుకోను గాని, అసలు నా కోపం ఎక్కడ ఉందో చెబుతాను. నేను చూసిన ఒక ఊళ్లో తోట అంతా నిండిపోయింది. డబ్బున్న నాలుగు ఇళ్లవాళ్లు పాలరాయి, స్టీలు కంచె, పైన రేకుల పందిరి వేసి, పక్కన ఖాళీ కూడా "మా కుటుంబానికి" అని గొలుసు కట్టుకున్నారు. రిక్షా తొక్కే మనిషి భార్య పోతే పూడ్చడానికి చోటు లేక సాయంత్రం దాకా శవాన్ని ఉంచుకుని తగాదా పడ్డారు. నేను పక్కనే నిలబడి చూశాను. పోయినవాళ్లు జాగా ఆక్రమించుకోకూడదన్నది నా వాదన.

కిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను రైలుబాబు గారూ. పాత పద్ధతి ఏమిటంటే, కొన్నేళ్లు గడిచాక అదే కుటుంబంలో ఇంకొకరు పోతే ఆ గోతినే తెరిచి, అవశేషాలు ఒక మూల సర్ది, పైవారిని పెట్టేవారు. పలక మీద రెండో పేరు చెక్కేవారు. అత్తాకోడళ్లు బతికి ఉండగా ఒక వంటింట్లో సర్దుకోలేకపోయినా అక్కడ సర్దుకునేవారు. ఇప్పుడు ప్రతివారికీ వేరు సమాధి కావాలి. పైన సిమెంటు పలక పోసి మూసేస్తే మళ్లీ తెరవడానికి లేదు. మీ నాయనమ్మగారి విషయంలోనూ వంశధారబాబుకు ఇది చెప్పాలి. వెతికిన చోట వేరే పేరు కనిపిస్తే కంగారు పడకండి, కిందటి పేరు ఆవిడదే అయి ఉండవచ్చు.

వంశధార (గుణుపురం, ప్రస్తుతం పుణె)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పిన పక్క సమాధి కోసం నాన్నగారి కాగితాలు తిరగేశాను. ఒక పాత ఉత్తరంలో "అమ్మ పక్కనే కాంపౌండరుగారిని పెట్టారు, ఆయనకు కూడా వెల్ల వేయించాను" అని ఉంది. ఆ కాంపౌండరుగారి పిల్లలెవరైనా ఊళ్లో ఉన్నారా?

పిల్లల సంగతి కూడా ఒకటి అడగాలి. కొత్త పలక వేయిస్తే ఏ అక్షరాల్లో వేయించాలి? అన్నయ్య ఒడియాలో వేయిద్దామంటున్నాడు, ఊరు ఒడిశాలో ఉంది, చదివేది పిల్లలు అని. నాయనమ్మకు ఒడియా రాదు. ఆవిడ చదివిన పుస్తకం తెలుగు బైబిలు ఒక్కటే. ఆవిడ చదవలేని అక్షరాల్లో ఆవిడ పేరు చెక్కించడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

పట్టుమగ్గం (బరంపురం)

రెండూ వేయించండి. మా ఊళ్లో దుకాణాల బోర్డులు అలాగే ఉంటాయి, ఎవరూ చచ్చిపోలేదు. (ఈ మాట ఇక్కడ వాడవలసింది కాదేమో.)

గోపాలపురం గాలి (గోపాలపురం)

పాత పలక తీసేయకండి, అదే చోట ఉంచి పాదాల వైపు చిన్న పలక ఒడియాలో పెట్టండి. పేరు, ఊరు, పోయిన సంవత్సరం చాలు. మేస్త్రీ తప్పులు చెక్కకుండా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చెక్కించండి, రంగుతో రాయించకండి. రంగు ఈ తీరంలో రెండు వర్షాకాలాలు నిలవదు.

పుట్టాసింగి (రాయగడ జిల్లా)

పిల్లలకు తెలుగు అక్షరాలు నాయనమ్మ పేరులో ఉన్నవి మాత్రం నేర్పించినా సరిపోతుంది కదా. అయిదో ఆరో ఉంటాయి. ఒక మధ్యాహ్నం పని.

కిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

ఇవాళ చర్చి కార్యాలయానికి వెళ్లివచ్చాను. కాంపౌండరుగారి కొడుకులు విశాఖ వెళ్లిపోయారు. కూతురు మాత్రం ఇక్కడే, రాజవీధి వెనక ఉంటున్నారు, డెబ్బై దాటాయి. మీ నాన్నగారు బాగా గుర్తున్నారట, "సున్నం డబ్బాతో వచ్చే గుణుపురం అబ్బాయి" అన్నారు. రిజిస్టరులో మీ నాయనమ్మగారి పేరుతో ఇద్దరున్నారు, భర్తల పేర్లు కూడా ఒకటే. సంవత్సరాలు వేరు. మీరు నాకు విడిగా రాసిన సంవత్సరం రెండిటిలో దేనికీ సరిపోవడం లేదు, అందువల్ల ఇంట్లో మళ్లీ అడగండి. మీ మేనత్తగారు టెక్కలిలో ఉన్నారని ఒకసారి రాశారు. ఖననానికి వచ్చినవాళ్లలో మిగిలింది ఆవిడే అయితే వెంట తీసుకురండి. ఆటో గేటు లోపలిదాకా వస్తుంది, కుర్చీ నేను వేయిస్తాను. ఆదివారం మాత్రం రాకండి, ఆ రోజు ఆరాధనలతో పాస్టరుగారికి తీరిక ఉండదు. గురువారమో శుక్రవారమో పొద్దున ఏడింటికల్లా వస్తే, గడ్డి కోసే మనిషిని ముందురోజే మాట్లాడి ఉంచుతాను.

వంశధార (గుణుపురం, ప్రస్తుతం పుణె)

అత్తయ్యకు ఫోను చేశాను. వస్తానంది. సంవత్సరం అడిగితే "మీ పెద్దన్నయ్య కడుపులో ఉన్నప్పుడు" అంది. అన్నయ్య పుట్టింది 1974 జనవరిలో, కాబట్టి 1973 అయి ఉండాలి. మాస్టారూ, రిజిస్టరులో ఆ ఏడాది పుట ఒకసారి చూడగలరా? గురువారానికి టికెట్లు తీసుకుంటున్నాను.